కొత్తొక వింత, పాతొక రోత: క్లౌడ్ యంత్రాలకు ఈ సామెత వర్తిస్తుందా?



"కొత్తొక వింత, పాతొక రోత" అనే సామెత మీరు ఇంట్లో వినే ఉంటారు. కొత్త ఫోను కొన్న రోజున పాత ఫోను ఎవరికీ కనబడదు. కొత్త సైకిలు వచ్చాక పాత సైకిలు మెట్ల కిందికి చేరుతుంది. అది మనుషుల స్వభావం. అయితే కొత్తది నిజంగా మెరుగైనదా, మెరుగైతే ఎంత, ఏ పనికి అని అడిగేవాళ్లు తక్కువ. ఈ పాఠంలో మనం ఆ ప్రశ్నే అడుగుదాం. దానికి ఉదాహరణగా క్లౌడ్‌లో అద్దెకు దొరికే కంప్యూటర్లను, వాటిలోని పాత తరాలను, కొత్త తరాలను తీసుకుందాం.

నగర్‌నార్‌లో ఉంటున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్ ఘనపరిమాణం 4,506 ఘనపు మీటర్లు. మన రాష్ట్రంలోనే భిలాయిలో 1959లో వెలిగించిన మొదటి ఫర్నేస్ 1,033 ఘనపు మీటర్లది. విశాఖపట్నంలో 1990లో మొదలైన 'గోదావరి' ఫర్నేస్ మొదట్లో 3,200 ఘనపు మీటర్లది. ఈ మూడు అంకెలు చూడగానే పెద్దదే మంచిదని చెప్పాలనిపిస్తుంది. కానీ ప్లాంటులో పనిచేసే మీ అమ్మనో నాన్ననో అడిగి చూడండి. టన్ను ఇనుము తీయడానికి ఎంత కోక్ పట్టింది, ఎన్ని రోజులు ఆగకుండా నడిచింది అని వాళ్లు లెక్క చెబుతారు. పరిమాణం ఒక కొలత, చేసిన పని ఇంకో కొలత. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

క్లౌడ్ ఎక్కడుంది?

క్లౌడ్ అంటే మేఘం. అయితే అది ఆకాశంలో లేదు, నేల మీదే ఉంది. పెద్ద భవనాల్లో వరుసలు వరుసలుగా సర్వర్లు ఉంటాయి. వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్లు, బయటి ప్రపంచంతో కలిపే తీగలు ఉంటాయి. వీటిని డేటా సెంటర్లు అంటారు. అమెజాన్ సంస్థ భారతదేశంలో తన మొదటి క్లౌడ్ ప్రాంతాన్ని 2016 జూన్‌లో ముంబైలో తెరిచింది. రెండవదాన్ని 2022 నవంబరు 22న హైదరాబాదులో తెరిచింది. మీలో చాలామంది వేసవి సెలవులకు వెళ్లే హైదరాబాదే అది. ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే.

ప్రభుత్వానికి కూడా సొంత క్లౌడ్ ఉంది. దాని పేరు 'మేఘరాజ్'. 2014లో మొదలైంది. జాతీయ సమాచార కేంద్రం నడిపే జాతీయ డేటా సెంటర్లు ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో ఉన్నాయి. మీరు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూపిస్తే తెరుచుకునే 'దీక్ష' వేదిక కూడా క్లౌడ్ మీదే నడుస్తుంది.

అద్దెకు దొరికే మిథ్యా యంత్రం

డేటా సెంటర్‌లోని ఒక్కో సర్వర్ చాలా శక్తిమంతమైనది. ఒక చిన్న వెబ్‌సైటుకు అంత పెద్ద సర్వర్ మొత్తం అవసరం లేదు. అందుకే ఒక సర్వర్‌ను చిన్న చిన్న భాగాలుగా చేసి అద్దెకు ఇస్తారు. ఒక్కో భాగం దాన్ని వాడుకునేవారికి విడి కంప్యూటర్‌లాగే కనిపిస్తుంది. దాన్నే వర్చువల్ యంత్రం అంటారు.

భౌతికశాస్త్రంలో అద్దంలో కనిపించే బొమ్మను తెలుగు మాధ్యమం పిల్లలు 'మిథ్యా ప్రతిబింబం' అని చదువుతారు. మీరు హిందీలో 'ఆభాసీ ప్రతిబింబ్' అని విని ఉంటారు. అక్కడ వర్చువల్ అనే మాటకు ఏ అర్థమో ఇక్కడా అదే. చేతితో తాకలేం, అయినా పని మాత్రం నిజంగానే జరుగుతుంది.

టౌన్‌షిప్‌లోని నాలుగంతస్తుల భవనాన్ని ఊహించుకోండి. పునాది ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే. కానీ ఒక్కో ఇంటికి దాని తాళం దానికే ఉంటుంది. ఒక ఇంట్లో వాళ్లు ఇంకో ఇంట్లోకి వెళ్లలేరు. సర్వర్‌లో ఈ పంపకం చూసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 అనే వ్యవస్థతో ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలామందికి విడివిడిగా పంచి ఇచ్చింది.

తరం అంటే ఏమిటి?

ఇళ్లలో తాత, తండ్రి, మనవడు ఉన్నట్టే యంత్రాల్లోనూ తరాలుంటాయి. కొత్త ప్రాసెసర్లు వచ్చినప్పుడల్లా క్లౌడ్ సంస్థ కొత్త సర్వర్లు కొని, వాటిని కొత్త పేరుతో అద్దెకు పెడుతుంది. పాత సర్వర్లను వెంటనే తీసేయదు. వాటి మీద ఎన్నో సంస్థల పనులు నడుస్తూ ఉంటాయి కదా! అందుకే ఒకే దుకాణంలో నాలుగైదు తరాలు పక్కపక్కనే కనిపిస్తాయి.

అమెజాన్ 2006 ఆగస్టులో ఈ అద్దె వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దొరికింది ఒక్కటే రకం. 1.7 జీబీ మెమరీ, గంటకు 10 సెంట్లు. డాలరులో నూరో వంతు సెంటు. ఆ తర్వాత సాధారణ పనులకు వాడే ఎం కుటుంబంలో 2015లో ఎం4, 2017లో ఎం5, 2021లో ఎం6ఐ, 2023లో ఎం7జి, ఎం7ఐ వచ్చాయి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ముంబైలో పాత ఎం4, టీ2 రకాలు ఉన్నాయి. హైదరాబాదు కేంద్రాన్ని మాత్రం ఎం5, టీ3, టీ4జి వంటి తరువాతి తరాలతోనే తెరిచారు. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు కట్టే టౌన్‌షిప్‌లో ముప్పై ఏళ్ల నాటి నమూనా క్వార్టర్లు ఎవరూ కట్టరు. పాతవి కావాలంటే పాత ఊరికే వెళ్లాలి.

పేరును విడదీద్దాం

సమాసాన్ని విడదీసి అర్థం చెప్పడం మనకు అలవాటే. 'ఎం7జి.లార్జ్' అనే పేరునూ అలాగే విడదీద్దాం.

ఎం: కుటుంబం పేరు. ఎం అంటే అన్ని పనులకూ పనికివచ్చేది. సి అంటే లెక్కలు ఎక్కువగా చేసేది. ఆర్ అంటే మెమరీ ఎక్కువగా ఉన్నది. టీ అంటే అప్పుడప్పుడు మాత్రమే గట్టిగా పనిచేసే చిన్నది.
7: తరం సంఖ్య.
జి: ప్రాసెసర్ రకం. జి అంటే అమెజాన్ సొంతంగా రూపొందించిన గ్రావిటన్. ఐ అంటే ఇంటెల్. ఏ అంటే ఏఎండీ.
లార్జ్: పరిమాణం. ఎం కుటుంబంలో లార్జ్ అంటే 2 ప్రాసెసర్లు, 8 జీబీ మెమరీ. దాని పై మెట్టు ఎక్స్‌లార్జ్ అంటే 4 ప్రాసెసర్లు, 16 జీబీ.

తరం సంఖ్యను పరీక్ష మార్కులా చదవకండి. అది ఆ కుటుంబంలో పుట్టిన వరుస మాత్రమే. ఉదాహరణకు టీ4జి, ఎం6జి అనే రెండు పేర్లు చూడండి. ఒకదానిలో 4 ఉంది, ఇంకొకదానిలో 6 ఉంది. కానీ రెండూ 2020లోనే వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే గ్రావిటన్2 ప్రాసెసర్. 'ఏ' సెక్షన్‌లో నాలుగో రోల్ నంబరు, 'బి' సెక్షన్‌లో ఆరో రోల్ నంబరు ఉన్న పిల్లల్లో ఎవరు బాగా చదువుతారో ఆ నంబర్లు చెప్పవు కదా!

మిగతా సంస్థల పద్ధతి కొంచెం వేరు. మైక్రోసాఫ్ట్ వారి అజూర్‌లో తరం సంఖ్య పేరు చివర వీ3, వీ5 అని వస్తుంది. గూగుల్‌లో ఎన్1, ఎన్2 అని అక్షరం పక్కనే ఉంటుంది. చదివే పద్ధతి తెలిస్తే చాలు.

బయటికి ఒకటే, లోపల వేరు

ఇప్పుడు ఒకే పరిమాణంలో ఉన్న ఐదు యంత్రాలను పక్కపక్కన పెడదాం. ధరలు అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో లినక్స్ యంత్రానికి గంట అద్దెలు. ఊరు మారితే ధర మారుతుంది.

ఎం4.లార్జ్ (2015): 2 ప్రాసెసర్లు, 8 జీబీ, గంటకు 10 సెంట్లు
ఎం5.లార్జ్ (2017): 2 ప్రాసెసర్లు, 8 జీబీ, గంటకు 9.6 సెంట్లు
ఎం6ఐ.లార్జ్ (2021): 2 ప్రాసెసర్లు, 8 జీబీ, గంటకు 9.6 సెంట్లు
ఎం7జి.లార్జ్ (2023): 2 ప్రాసెసర్లు, 8 జీబీ, గంటకు 8.16 సెంట్లు
ఎం7ఐ.లార్జ్ (2023): 2 ప్రాసెసర్లు, 8 జీబీ, గంటకు 10.08 సెంట్లు

ఐదింటిలోనూ 2 ప్రాసెసర్లే, 8 జీబీయే. ఇంతవరకే చూస్తే తేడా ధరలోనే ఉంది. అసలు తేడాలు లోపల ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది, ఇంటిపని ఎవరు చేస్తారన్నది. ఎం4 వరకు సర్వర్‌లో జెన్ అనే హైపర్‌వైజర్ ఉండేది. నెట్‌వర్కు పని, డిస్కు పని, కాపలా పని కూడా సర్వర్‌లోని ప్రధాన ప్రాసెసరే కొంత మోయవలసి వచ్చేది. హాస్టల్ మెస్‌లో వంటమనిషే కూరగాయలు తెచ్చి, గిన్నెలు కడిగి, వడ్డించినట్టు అన్నమాట. ఎం5తో నైట్రో అనే పద్ధతి వచ్చింది. నెట్‌వర్కుకు ఒక కార్డు, డిస్కుకు ఒక కార్డు విడిగా పెట్టారు. ఇప్పుడు వంటమనిషి వంటే చేస్తాడు. సర్వర్ శక్తి దాదాపు మొత్తం అద్దెకు తీసుకున్నవారికే అందుతుంది.

రెండవది, ప్రాసెసర్ అనే మాటకు అర్థం. ఎం5, ఎం6ఐ, ఎం7ఐ వంటి ఇంటెల్ యంత్రాల్లో '2 ప్రాసెసర్లు' అంటే ఒక నిజమైన కోర్‌ను రెండు దారులుగా వాడుకోవడం. ఒకే పాఠ్యపుస్తకాన్ని ఇద్దరు పిల్లలు ముందేసుకుని చదివినట్టు. ఒకరు రాసుకుంటుంటే ఇంకొకరు చదువుకోవచ్చు, కానీ ఇద్దరికీ ఒకేసారి వేర్వేరు పేజీలు కావాలంటే కుదరదు. గ్రావిటన్ యంత్రాల్లో '2 ప్రాసెసర్లు' అంటే రెండు నిజమైన కోర్లు. ఇద్దరికీ చెరొక పుస్తకం. పట్టికలో రెండు చోట్లా 2 అనే రాస్తారు. అంకె ఒకటే, అర్థం వేరు!

మూడవది, గొట్టాల వెడల్పు. ఎం4.లార్జ్ నుంచి డిస్కుకు సెకనుకు 450 మెగాబిట్ల సమాచారం వెళ్తుంది. ఎం5.లార్జ్‌కు ఇది గరిష్ఠంగా 4,750 మెగాబిట్లు. పదింతలు పెరిగిందని సంబరపడే ముందు 'గరిష్ఠంగా' అనే మాట కింద గీత గీయండి. ఆ వేగం రోజుకు ఒకసారి కనీసం 30 నిమిషాలు నిలుస్తుందని మాత్రమే సంస్థ హామీ ఇస్తుంది. నిలకడగా దొరికేది 650 మెగాబిట్లే. ఉదయం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కుళాయి జోరుగా వస్తుంది. రోజంతా అదే జోరు ఉంటుందని బట్టలన్నీ నానబెట్టుకోకూడదు. తెలుగు పాఠంలో విశేషణాలను గుర్తించడం నేర్పేది ఇందుకే. 'గరిష్ఠంగా', 'వరకు' అనే మాటలు ప్రకటనల్లో అసలు అర్థాన్ని మోస్తాయి.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. ఎం6జి యంత్రం ఎం5 కంటే పెట్టిన ధరకు '40 శాతం వరకు' మెరుగైన పనితీరు ఇస్తుందని అమెజాన్ చెప్పింది. ఎం7ఐ విషయంలో ఎం6ఐ కంటే '15 శాతం వరకు' అంది. ఇవి అమ్మేవారి మాటలు. అబద్ధాలని కాదు. ఏదో ఒక పనిలో అంత తేడా వారికి కనిపించి ఉంటుంది. మన పనిలో ఎంత వస్తుందో మనమే కొలిచి చూసుకోవాలి.

లెక్క చేద్దాం

ఇప్పుడు రెండు రకాల పనులు తీసుకుందాం. గంట ధరలు పైన ఇచ్చినవే. పని ఎన్ని గంటలు పడుతుందన్నది లెక్క కోసం మేము అనుకున్నది.

మొదటి పని: లక్షల జవాబు పత్రాల మార్కులను కూడి ఫలితాలు తయారుచేయడం. యంత్రం ఆగకుండా లెక్కలు చేస్తుంది. పని అవగానే యంత్రాన్ని తిరిగి ఇచ్చేయవచ్చు. ఎం5లో ఇది 9 గంటలు పట్టిందనుకుందాం. 9 × 9.6 = 86.4 సెంట్లు. ఎం7ఐలో 7 గంటల్లో అయిందనుకుందాం. 7 × 10.08 = 70.56 సెంట్లు. గంట అద్దె ఎక్కువైనా మొత్తం ఖర్చు తగ్గింది.

మరి ఎంత త్వరగా అయితే కొత్తది గిట్టుబాటు అవుతుంది? 86.4ను 10.08తో భాగిస్తే సుమారు 8.57 గంటలు వస్తుంది. అంటే 8 గంటల 34 నిమిషాలు. అంతకంటే త్వరగా పూర్తయితేనే ఎం7ఐ లాభం. 8 గంటల 50 నిమిషాలు పడితే కొత్త యంత్రం వేగంగా పనిచేసినా జేబుకు నష్టమే.

రెండవ పని: ఒక చిన్న పాఠశాల వెబ్‌సైటు. నెలలో 30 రోజులు, రోజుకు 24 గంటలు తెరిచి ఉండాలి. మొత్తం 720 గంటలు. ఎక్కువసేపు ఎవరూ రారు, యంత్రం ఊరికే కాచుకుని కూర్చుంటుంది. ఎంత వేగమైన యంత్రమైనా నెలలో 720 గంటలే కదా! ఇప్పుడు నెల అద్దె చూడండి.

ఎం4: 72.00 డాలర్లు
ఎం5: 69.12 డాలర్లు
ఎం7జి: 58.75 డాలర్లు
ఎం7ఐ: 72.58 డాలర్లు

కొత్తదైన ఎం7ఐకి అన్నిటికంటే ఎక్కువ అయింది. ఎం4 కంటే కూడా ఎక్కువే! అదే ఏడాది వచ్చిన ఎం7జికి అన్నిటికంటే తక్కువ అయింది. రెండూ ఏడో తరమే. కాబట్టి 'కొత్త తరం చవక' అన్నా తప్పే, 'కొత్త తరం ఖరీదు' అన్నా తప్పే.

ఇంకో దారి కూడా ఉంది. ఎం5.ఎక్స్‌లార్జ్‌లో నడిచే పనిని కొత్త తరంలో సగం పరిమాణమైన లార్జ్‌లోకి మార్చవచ్చా? ఎం5.ఎక్స్‌లార్జ్ గంటకు 19.2 సెంట్లు. ఎం7ఐ.లార్జ్ 10.08 సెంట్లు. దాదాపు సగం మిగులుతుంది. కానీ మెమరీ 16 జీబీ నుంచి 8 జీబీకి పడిపోతుంది. పని వేగం తరంతో పెరుగుతుంది కానీ, సామాను తరంతో తగ్గదు. 12 జీబీ పట్టే సమాచారం ఏ తరం యంత్రంలోనైనా 12 జీబీయే. రెండు గదుల సామాను ఒక గదిలో పట్టదని లారీ ఎక్కించేటప్పుడే చూసుకోవాలి.

అలవాటు మారితే బిల్లు మారుతుంది

తరం మారినప్పుడు వేగం, ధరలే కాక నియమాలు కూడా మారవచ్చు. టీ కుటుంబం దీనికి మంచి ఉదాహరణ. ఈ చిన్న యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు 'క్రెడిట్లు' కూడబెట్టుకుంటాయి. పని పడినప్పుడు వాటిని ఖర్చుపెట్టి వేగంగా పరుగెత్తుతాయి.

క్రెడిట్లు అయిపోతే ఏమవుతుంది? పాత టీ2లో, మనం వేరేగా చెప్పకపోతే, యంత్రం నెమ్మదిస్తుంది. 2018లో వచ్చిన టీ3లో, మనం వేరేగా చెప్పకపోతే, యంత్రం వేగం తగ్గదు. సగటున తన వాటా కంటే ఎక్కువ వాడుకుంటే దానికి అదనపు రుసుము పడుతుంది. ఫోనులో రోజువారీ డేటా అయిపోయాక ఒక పథకంలో వేగం తగ్గుతుంది, ఇంకో పథకంలో బిల్లు పెరుగుతుంది. సరిగ్గా అలాగే. టీ3లో కూడా పాత పద్ధతి ఎంచుకోవచ్చు. కానీ ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఏది మంచిది అంటే, పని ఆగకూడని చోట రెండవది, ఖర్చు దాటకూడని చోట మొదటిది.

యంత్రాల బదిలీ

ఇక మీకు బాగా తెలిసిన విషయానికి వద్దాం. బదిలీ! పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి మారడం అచ్చం మన బదిలీలాంటిదే. మీ అందరికీ పెట్టెలు సర్దడం తెలుసు కాబట్టి ఈ భాగం మీకు తేలికగా అర్థమవుతుంది.

ప్లగ్గు, సాకెట్టు: మేము ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్లలో ఒకచోట క్వార్టర్‌లో అన్నీ చిన్న సాకెట్లే ఉండేవి. మా గీజరు ప్లగ్గు వాటిలో పట్టలేదు. గీజరు బాగానే ఉంది, క్వార్టరూ బాగానే ఉంది, రెండింటికీ జత కుదరలేదు. ఎం4 నుంచి ఎం5కు మారేటప్పుడు కూడా ఇంతే. నైట్రో కార్డులతో మాట్లాడే డ్రైవర్లు పాత యంత్రంలో ముందే వేసుకోవాలి. లేకపోతే మారిన తర్వాత యంత్రం లేవదు. డిస్కుల పేర్లు కూడా మారతాయి. పాత పేరుతో వెతికే ప్రోగ్రాముకు డిస్కు దొరకదు.

చిరునామా: రకం మార్చాలంటే యంత్రాన్ని ఆపి, మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కాసేపు సేవ ఆగుతుంది. స్థిరమైన చిరునామా ముందుగా తీసుకోకపోతే, లేచిన తర్వాత ఇంటర్నెట్‌లో దాని చిరునామా కూడా మారిపోతుంది. పాత క్వార్టరు నంబరుకు వచ్చే ఉత్తరాల గతి ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

పెట్టెలో ఉన్నవి, గోడ మీద ఉన్నవి: విడిగా అమర్చిన డిస్కులో దాచినవి యంత్రం మారినా మనతో వస్తాయి. అవి పెట్టెలో సర్దుకున్న సామాను. కొన్ని యంత్రాల్లో సర్వర్‌కే అతికి ఉన్న డిస్కు ఉంటుంది. చాలా వేగంగా ఉంటుంది, కానీ యంత్రాన్ని ఆపితే అందులోనివి పోతాయి. అవి గోడ మీద పెన్సిలుతో గీసుకున్న మీ ఎత్తు గీతల్లాంటివి. ఎంత ఇష్టమైనా గోడను లారీ ఎక్కించలేం. వెళ్లే ముందే కొలిచి పుస్తకంలో రాసుకోవాలి.

మాధ్యమం: ఇంటెల్ నుంచి ఇంటెల్‌కు మారడం ఒక ఎత్తు, ఇంటెల్ నుంచి గ్రావిటన్‌కు మారడం ఇంకో ఎత్తు. గ్రావిటన్ ఆర్మ్ జాతి ప్రాసెసర్. మీ ఫోనులో ఉన్నది కూడా దాదాపు ఆ జాతిదే. ఇంటెల్ అర్థం చేసుకునే ఆదేశాల భాష వేరు, ఆర్మ్ భాష వేరు. ఇంటెల్ కోసం తయారుచేసిన ప్రోగ్రామును ఆర్మ్ నేరుగా చదవలేదు. మూల ప్రోగ్రామును మళ్లీ ఆర్మ్ భాషలోకి కంపైల్ చేయాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు హిందీ మాధ్యమంలో చేరినట్టు. వాడికి పైథాగరస్ సిద్ధాంతం తెలుసు. దాన్ని ఏ మాటల్లో అడుగుతున్నారో తెలియడానికి కాస్త సమయం కావాలి. పైథాన్ వంటి భాషలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు సులువుగా కొత్త చోట కుదురుకుంటాయి. అయితే అవి వాడుకునే గ్రంథాలయాలకు ఆర్మ్ ప్రతులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. విండోస్ మాత్రం అమెజాన్ గ్రావిటన్ యంత్రాల్లో నడవదు. 58.75 డాలర్లు అనే చవక ధర వెనుక ఈ శ్రమ ఉంది. శ్రమకు కూడా ఖరీదు కట్టాలి.

పెద్ద పెద్ద వేదికలకూ బదిలీలు తప్పవు. 2017 సెప్టెంబరు 5న మొదలైన మన 'దీక్ష'ను ఒరాకిల్ క్లౌడ్‌కు మార్చాలని కేంద్ర విద్యాశాఖ నిర్ణయించినట్టు 2023లో ప్రకటన వచ్చింది. పుస్తకంలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌ను ఎవరూ మార్చలేరు. ఇల్లు ఎన్నిసార్లు మారినా ఆ పాత గుర్తుతో తలుపు తట్టిన పిల్లలందరికీ తలుపు తెరుచుకోవాలి. మంచి బదిలీ అంటే అదీ. వెళ్లినవాళ్ల గురించి తప్ప, వెతుక్కుంటూ వచ్చేవాళ్ల గురించి ఆలోచించని బదిలీ సగం బదిలీయే.

అయితే ఏది మంచిది?

పాత తరంలోనే ఉండిపోవడం కూడా ఉచితం కాదు. ఎవరూ పట్టించుకోని పాత యంత్రం ఏళ్ల తరబడి అద్దె తింటూ ఉంటుంది. దాని సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు ఆగిపోతే భద్రత తగ్గుతుంది. ఎక్కువ కరెంటు కూడా తాగవచ్చు. గ్రావిటన్3 యంత్రాలు అంతే పనికి 60 శాతం వరకు తక్కువ కరెంటు వాడతాయని అమెజాన్ చెబుతోంది. 'వరకు' అనే మాట మళ్లీ వచ్చింది, గమనించారా? ప్రభుత్వ సేవ అయితే ఆ అద్దె, ఆ కరెంటు ప్రజల డబ్బే.

అందుకని కొత్తదా పాతదా అని కాక, ఈ నాలుగు ప్రశ్నలు వరుసగా అడగాలి. నా పని ఏమిటి? ఆ పనిని రెండింటి మీదా నేనే నడిపి చూస్తే ఎంత సమయం, ఎంత ఖర్చు అయింది? మారడానికి ఎంత శ్రమ? మారకపోతే ఎంత నష్టం? వీటికి జవాబులు కాగితం మీద రాసుకున్నాక నిర్ణయం దానంతటదే తేలుతుంది.

మీరు కూడా రెండేళ్లకో మూడేళ్లకో కొత్త ఊరు, కొత్త బడి చూస్తారు. "ఇక్కడి కంటే అక్కడే బాగుండేది" అనో, "అబ్బ, ఇదే బాగుంది" అనో మొదటి వారంలోనే తేల్చేస్తుంటారు. ఊళ్లకు కూడా ఈ నాలుగు ప్రశ్నలూ పనికొస్తాయి. ఇంద్రావతి ఒడ్డున ఉన్న బస్తర్‌ను, సముద్రం పక్కనున్న విశాఖను ఒకే అంకెతో కొలవలేం. దేనికి బాగుంది అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

పదాలు - అర్థాలు

వర్చువల్ యంత్రం: ఒక సర్వర్‌లో కొంత భాగాన్ని విడి కంప్యూటర్‌లా వాడుకునే ఏర్పాటు
హైపర్‌వైజర్: సర్వర్‌ను వర్చువల్ యంత్రాలకు పంచే సాఫ్ట్‌వేర్
కోర్: ప్రాసెసర్‌లో లెక్కలు చేసే అసలు భాగం
కంపైల్ చేయడం: మనిషి రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ భాషలోకి మార్చడం
గరిష్ఠం: అన్నిటికంటే ఎక్కువ, ఇక దాటనిది

చేసి చూడండి

మన కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్, ఒక కొత్త కంప్యూటర్ ఎంచుకోండి. 2,00,000 లోపు ప్రధాన సంఖ్యలను లెక్కించే పైథాన్ ప్రోగ్రామును రెండింటిలోనూ మూడేసి సార్లు నడపండి. మిగతా కిటికీలన్నీ మూసేయండి. ప్రతిసారీ పట్టిన సమయం రాసి, సగటు కట్టండి. తర్వాత రెండింటిలోనూ ఒకే పాఠాన్ని టైపు చేసి చూడండి. మొదటి పనిలో వచ్చిన తేడా రెండవ పనిలో కనిపించిందా? ఎందుకు?

ప్రశ్నలు

1. 'సి6జి.ఎక్స్‌లార్జ్' అనే పేరును విడదీసి, ఒక్కో భాగానికి అర్థం రాయండి.
2. ఒక పని ఎం5.లార్జ్‌లో 12 గంటలు పట్టింది. అదే పని ఎం7జి.లార్జ్‌లో కూడా 12 గంటలే పడితే ఎన్ని సెంట్లు మిగులుతాయి? ఎం7జిలో 15 గంటలు పడితే ఏది చవక?
3. ఈ వారం పత్రికల్లో వచ్చిన ప్రకటనల్లో 'వరకు', 'గరిష్ఠంగా', 'నుంచి మొదలు' అనే మాటలున్న మూడింటిని కత్తిరించి అంటించండి. ఆ మాట తీసేస్తే అర్థం ఎలా మారుతుందో రాయండి.
4. మీ పోయిన బదిలీలో మీ 'పెట్టెలో' వచ్చినవి ఏవి, 'గోడ మీద' ఉండిపోయినవి ఏవి? ఐదేసి రాయండి. ఈసారి బయలుదేరే ముందు వాటిలో దేన్ని పుస్తకంలో రాసుకుని వెళ్తారు?
5. ప్లాంటులో పనిచేసే పెద్దవారిని ఒకరిని అడగండి: పాత యంత్రమే మేలనిపించిన పని ఏదైనా ఉందా? వారు ఏ కొలతతో ఆ మాట అన్నారో పది వాక్యాల్లో రాసి తరగతిలో చదవండి.